రంగు చివర వేద్దువుగానిలే

భోగిమంటలోకి విరిగిన మంచం పట్టెలు వేస్తాం, పుచ్చిన తలుపు చెక్కలు వేస్తాం. పాత ఇనుము వేసేవాణ్ణి ఎక్కడైనా చూశావా అబ్బాయ్? మంట ఇనుమునేం చెయ్యలేదు. ఇనుముకి చేటు తెచ్చేవి రెండే: ఒకటి నీళ్ళు, రెండోది తొందర. నీళ్ళ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మన బెజవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు కళ్ళారా చూశావు. ఆ వారంలోనే ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. 2009లో పోయిన 11.10 లక్షలే గొప్ప అనుకుంటూ ఉండేవాళ్ళం, దాన్నీ మించిపోయింది. ఇక తొందర సంగతి. అది మాత్రం చెప్పాల్సిందే.

కారుని ఎండకి వదిలేసి, కారు షెడ్డులో పాత లేతు దింపావని మీ అమ్మ చెప్పింది. దింపిన సాయంత్రమే ఆకుపచ్చ రంగు డబ్బా, రెండు బ్రష్షులు కొన్నావట కూడా. నట్టు ఒక్కటీ వదల్లేదు, రంగు డబ్బా మాత్రం మూత తీసి సిద్ధం! సరే, ఆ పీట ఇలా లాక్కుని కూర్చో. చలి ఎలాగూ తెల్లారేదాకా ఉంటుంది.

ముందు ఒక మంచి మాట చెప్తాను. తుక్కు కొట్టువాడు దాన్ని కిలోల లెక్కన తూచి ఇచ్చాడు కదా? వాడి దృష్టిలో అది పోత ఇనుము. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు, ఆ సామెత లేతు విషయంలో చెల్లదు. చచ్చిన లేతు తుక్కు ధర, బతికిన లేతు ఒక కుటుంబానికి అన్నం. మన జవహర్ ఆటోనగర్‌లో ఏ సందులోకి వెళ్ళినా నాకన్నా వయసులో పెద్ద లేతు ఒకటి ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. 1960ల్లో ఆటోనగర్ పుట్టినప్పుడు లారీల షెడ్లతోపాటు అవీ ఊళ్ళోంచి అక్కడికి కదిలాయి.

అసలు మన డెల్టాకి ఈ యంత్రాల గాలి ఎప్పుడు సోకిందో తెలుసా? ఆనకట్టలతో. కాటన్ దొర ధవళేశ్వరంలో గోదావరికి ఆనకట్ట కట్టించినప్పుడే పక్కన కార్ఖానా పెట్టించాడు. తర్వాత 1852 నుంచి 1855 దాకా మన కృష్ణకి ఆనకట్ట కట్టారు. తలుపులు, గొలుసులు, బోల్టులు ప్రతిదానికీ సముద్రం అవతలికి ఉత్తరం రాస్తే ఓడ వచ్చేసరికి కాలవ ఎండిపోతుంది. అందుకని పోత పొయ్యడం, తరిమెన, అంటే లేతు, పట్టడం ఇక్కడివాళ్ళే నేర్చుకున్నారు. మా చిన్నతనంలో సీతానగరం పి.డబ్ల్యు.డి. వర్క్‌షాపులో పనిచేసే ఫిట్టరంటే పిల్లనివ్వడానికి ముందూ వెనకా ఆలోచించేవాళ్ళు కాదు. రైల్వే లోకోషెడ్డు ఫిట్టరైతే ఇక అడగనే అక్కర్లేదు.

ఊళ్ళల్లో ఆ మర్యాద బియ్యపు మర డ్రైవరుది. గుడివాడ దారి పట్టినా, పామర్రు దారి పట్టినా పెద్ద ఊరికల్లా మర ఉండేది. అందులో హల్లరు. అది బ్రెజిల్‌లో ఎంగెల్‌బర్గ్ అనే ఆయన బుర్రలో పుట్టి, అమెరికాలో తయారై, మన ధాన్యం పొట్టు తియ్యడానికి ఇంత దూరం వచ్చింది. దాన్ని తిప్పేది ఆయిలింజను. మొదటి రకాలకి బ్లోలాంపుతో ఇంజను తలకాయ కాల్చి, ఎర్రబడ్డాక చక్రం తిప్పాలి. 1929లో ఇంగ్లండు డర్స్‌లీ ఊరి లిస్టర్ కంపెనీ కాల్చే పని లేకుండా చల్లగానే స్టార్టయ్యే ఇంజను తెచ్చింది. రెండు వైపులా రెండు బరువైన చక్రాలు, నిమిషానికి 600 చుట్లు, అంతే. దానికి నకళ్ళు తర్వాత రాజ్‌కోట్‌లో వేలకు వేలు తయారయ్యాయి. డ్రైవరు హ్యాండిల్ వేసి తిప్పుతుంటే పిల్లలం గుమ్మంలో నిలబడేవాళ్ళం. ఇంజను అందుకోగానే ఆయన వెనక్కి తిరిగి మావైపు ఒక్క చూపు చూసేవాడు. ఆ చూపు తాసీల్దారుకి కూడా రాదు.

ఆ మరలో ఏది విరిగినా బెజవాడ రావలసిందే. బస్సు టాపు మీద, కాలవలో పడవ మీద వచ్చేవి ఆ సామాన్లు. వాటితోపాటు వచ్చిన రైతు షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుని, పని అయ్యేదాకా కదిలేవాడు కాదు. ఇంట్లోంచి తెచ్చుకున్న సద్దిమూట అక్కడే విప్పేవాడు. పని మధ్యలో "అయిందా?" అని అడగడం మర్యాద కాదు. మేస్త్రి కూడా బేరం ముందు ఆడేవాడు కాదు. బుష్ తీసి చేతిలో పెట్టాక, "మీకు తోచింది ఇవ్వండి" అనేవాడు. అలా అనిపించుకున్నవాడు తక్కువ ఇవ్వలేడు. అది నాకు పని నేర్పిన మా మేస్త్రికి బాగా తెలుసు.

తోచినదంటే గుర్తొచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అప్పటిదాకా రూపాయికి 16 అణాలు, అణాకి నాలుగు కాణీలు. కొత్త లెక్కలో అణా అంటే ఆరుంపావు నయాపైసలు. పావు నయాపైసా ఎవడిస్తాడు? అందుకని అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19, పావలాకి 25 అని పట్టిక వేశారు. షెడ్డులో నలుగురు కలిసి టీ తాగి కలిపి లెక్క కడితే 25, ఎవరిది వాళ్ళు విడిగా ఇస్తే 24! ఈ రహస్యం కనిపెట్టిన పనివాడొకడు నలుగురి చేతా విడివిడిగా డబ్బులిప్పించేవాడు. ఆ నయాపైసా మిగల్చడానికి టీకొట్టువాడితో అరగంట వాదన. అక్కడ బెల్టు ఖాళీగా తిరుగుతూ ఉండేది. అందరూ వాణ్ణి మహా లెక్కలవాడని మెచ్చుకునేవాళ్ళు. ఇంకో మాట, నడిమధ్య పెద్ద చిల్లున్న కాణీలు వచ్చేవి, 1943 నుంచి 47 దాకా వేసినవి. వాషరు దొరక్కపోతే చిల్లు కాణీ వేసి నట్టు బిగించేవాళ్ళు. నీ లేతుని విప్పినప్పుడు ఎక్కడైనా రాజుగారి కిరీటం బొమ్మ కనిపిస్తే పారెయ్యకు, అది ఏ మేస్త్రి చేతి గుర్తో.

ఏదో చెప్తూ ఎక్కడికో వచ్చాను. లేతు దగ్గరికి వద్దాం.

ఈ అణా, పైసా గొడవ నీ లేతులో కూడా ఉంది. అది అంగుళాల కాలం మిషను. మరలు కోసేటప్పుడు పనిముట్టుని లాక్కెళ్ళే దాని లీడ్ స్క్రూ అంగుళాల లెక్క. నువ్వేమో బోల్టులకి మిల్లీమీటర్ల మరలు కొయ్యాలంటావు. అంగుళమంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు. దాన్ని దశాంశం లేకుండా చెయ్యాలంటే అయిదుతో హెచ్చవెయ్యాలి: 127. అందుకే 127 పళ్ళ గేరు ఒకటి కావాలి. అంతకన్నా చిన్న గేరుతో లెక్క సరిగ్గా రాదు, ఎందుకంటే 127ని ఏదీ భాగించదు. తుక్కు కొట్లో లేతు కొన్నప్పుడు ఆ పక్కన మసిగుడ్డల కింద పెద్ద గేరు ఏదైనా పడుందేమో చూశావా? చూసి ఉండవు. రేపు పొద్దున్నే వెళ్ళి వెతుకు. దొరికితే పళ్ళు లెక్కపెట్టు, లెక్కపెట్టేముందు ఒక పన్ను మీద సుద్దతో గుర్తు పెట్టుకో.

పానాల సంగతీ అంతే. నీ లేతుకి ఉన్నవి విట్‌వర్త్ బోల్టులు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఆయన, బోల్టులకి ప్రతి కార్ఖానాలో ఒక రకం మర ఉంటే దేశం నడవదని, మర కోణం 55 డిగ్రీలని, ఏ లావుకి అంగుళంలో ఎన్ని చుట్లని ఒక పద్ధతి పెట్టాడు. పాత అరంగుళం బోల్టు తల అడ్డం కొలత దాదాపు 23.4 మిల్లీమీటర్లు. నీ పెట్టెలో 23 పానా దానికి పట్టదు, 24 పానా వదులు. వదులు పానాతో లాగితే బోల్టు తల గుండ్రంగా అరుగుతుంది, తర్వాత ఉలి, సుత్తి, ఆఖరికి వెల్డింగు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకు? ఆటోనగర్‌లో పాత పనిముట్లు అమ్మేవాళ్ళ దగ్గర విట్‌వర్త్ పానాలు ఇంకా దొరుకుతాయి. ముందు అవి తెచ్చుకో.

ఇప్పుడు విప్పడం. మోటారు తగిలించి స్విచ్చి వేసి చూద్దామని నీకు చెయ్యి దురదగా ఉంటుంది. వెయ్యకు. ముందు ముక్కని బిగించే చక్ పట్టుకుని చేత్తో తిప్పు. ఒక చుట్టులో ఎక్కడ బరువుగా ఉంది, ఎక్కడ గరగరమంటోంది, చెవి పెట్టి విను. మా మేస్త్రి ఏ మిషను వచ్చినా మొదటిరోజు పానా ముట్టనిచ్చేవాడు కాదు. చుట్టూ తిరగడం, చేత్తో తిప్పడం, చూడటం. మాకు ఒళ్ళు మండిపోయేది. రెండో రోజు ఏది ముందు విప్పాలో ఆయన చెప్పక్కర్లేకుండానే మాకు తెలిసేది.

విప్పేటప్పుడు ఇల్లు పీకి పందిరి వెయ్యకు. ఒక భాగం విప్పు, కడుగు, చూడు, బిగించు, ఆ తర్వాతే రెండోది. మీకిప్పుడు ఫోన్లో ఫొటోలు తీసుకునే సుఖం ఉంది. మాకు పంచ్ చుక్కలే ఫొటోలు. కలిసే రెండు ముక్కల మీదా ఒక్కో చుక్క, తర్వాతి జతకి రెండేసి చుక్కలు. గోనెపట్టా పరిచి బోల్టులు వచ్చిన వరసలోనే పేర్చేవాళ్ళం. వాటిని కాలితో దాటినవాడికి మొట్టికాయ.

బిగుసుకుపోయిన నట్టు మీద బలం చూపించకు. కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలెయ్. అప్పటికీ రాకపోతే వేడిచేసి, మైనపు వత్తి ఆనించు. మైనం కరిగి మర సందుల్లోకి పాకుతుంది. తుప్పు దట్టంగా ఉన్న చిన్న సామాన్లకి ఇంకో ఉపాయం ఉంది: ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు, చాకలి సోడా, బ్యాటరీ చార్జరు. మైనస్ వైరు నీ సామానుకి, ప్లస్ వైరు పనికిరాని మామూలు ఇనుప ముక్కకి. స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం పెట్టకు, అందులోంచి విషం దిగుతుంది. షెడ్డు తలుపులు తీసి పెట్టు, తొట్టిలోంచి వచ్చే బుడగలు అంటుకునే గ్యాసు. తుప్పు పోతుంది గానీ అసలు ఇనుము చెక్కుచెదరదు. గ్రైండరు పెట్టి రుద్దేవాళ్ళని చూస్తే నాకు దిగులేస్తుంది. తుప్పుతోపాటు మంచి ఇనుము, ఆ ఇనుము మీద ఉన్న కొలతా పోతాయి.

కొలత అంటే చెప్తాను. లేతు బెడ్ అంతా ఒకేలా అరగదు. చక్ దగ్గర పని ఎక్కువ కాబట్టి అక్కడే ఎక్కువ అరుగుతుంది, చివర కొత్తదానిలా ఉంటుంది. అది చూసి కంగారుపడకు. ఎక్కడ ఎంత అరిగిందో తెలుసుకుంటే చాలామటుకు పని నడిపించొచ్చు. నిజంగా సాపు చెయ్యాలంటే స్క్రేపరు పట్టాలి. సాపు పలక మీద నీలం పూసి ఆనిస్తే ఎత్తుగా ఉన్న చోటల్లా నీలం అంటుకుంటుంది. అక్కడ మాత్రమే గీకాలి. మళ్ళీ నీలం, మళ్ళీ గీకడం. వారాల పని అది. ఇప్పుడు ఒకటి అడుగుతా. ఆ పలక సాపుగా ఉందని ఎలా తెలుసు? రెండు పలకలు ఒకదానితో ఒకటి రుద్ది సరిచేస్తే ఒకటి గుంటపడి, రెండోది ఉబ్బి, రెండూ చక్కగా అతుక్కుని సాపుగా ఉన్నట్టే కనిపిస్తాయి. విట్‌వర్త్ మూడో పలక తెమ్మన్నాడు. మూడింటినీ మార్చి మార్చి జతచేసి గీకితే అప్పుడు దాచడానికి చోటుండదు, మూడూ సాపైతేనే మూడూ అతుకుతాయి. ఊళ్ళో తగువులు కూడా ఇంతే చూడు, ఇద్దరే కూర్చుంటే ఇద్దరూ ఒప్పే అబద్ధం ఒకటి దొరుకుతుంది, మూడో మనిషి వస్తేగానీ నిజం బయటపడదు.

నేను ఇంతసేపూ చెప్తున్నది ఇదే నాయనా. మిషను బాగుచెయ్యడమంటే దాని చేత మళ్ళీ నిజం చెప్పించడం. అంగుళం అంటే అంగుళమే రావాలి, గుండ్రం అంటే గుండ్రమే రావాలి. రంగు ఎవరైనా వేస్తారు. పైన పటారం, లోన లొటారం అయితే మొదటి ముక్క తీసినప్పుడే బండారం బయటపడుతుంది. ఆడలేనివాడు మద్దెల ఓడన్నట్టు అప్పుడు మిషనుని తిట్టుకుంటావు.

బేరింగులు చూడు. పాతవాటిలో బాల్ బేరింగులు కాకుండా తెల్లలోహం పోసిన గుంటలుంటాయి. ఐజాక్ బాబిట్ అనే అమెరికా ఆయన 1839లో కనిపెట్టిన తగరపు మిశ్రమం. ఇరుసు గట్టిది, లోహం మెత్తది. చమురు అందకపోతే మెత్తది అరిగిపోయి ఖరీదైన ఇరుసుని కాపాడుతుంది. దాన్ని కరిగించి మళ్ళీ పొయ్యొచ్చు. మా మేస్త్రి పొయ్యడానికి ముందు కిరసనాయిలు దీపం మసి ఇరుసుకి పట్టించేవాడు, అంటుకోకుండా. లోహం పాకానికి వచ్చిందా లేదా అని చూడటానికి ఎండు పుల్ల ముంచేవాడు: పుల్ల నల్లబడాలి, మండకూడదు. అచ్చులో నీటిచుక్క ఉంటే లోహం చిమ్మి మొహం మీదకొస్తుంది. కాబట్టి ఆ పని నువ్వొక్కడివే చెయ్యకు, ఆటోనగర్‌లో చేసేవాళ్ళ పక్కన నిలబడి చూసి నేర్చుకో.

నీళ్ళు మింగిన మిషన్ల గురించి కూడా ఒక మాట. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. వేల ప్రాణాలు పోయిన చోట ఇనుము గురించి ఎవరు ఆలోచిస్తారు? కానీ కొన్నాళ్ళకి, మిగిలినవాళ్ళు మళ్ళీ పొలం వైపు నడవాల్సి వచ్చినప్పుడు, అవనిగడ్డ వైపు నుంచి ఇంజన్లు బెజవాడ రావడం మొదలైంది. అన్నిట్లో ఉప్పునీళ్ళే. ఇసుకలో ఆరబెట్టి తెచ్చినవి లోపల రాయి కట్టుకుపోయాయి. వెంటనే మంచినీళ్ళతో కడిగి, ఆరకముందే నూనె పోసి తెచ్చినవి బతికాయి. వరదలో మునిగిన మిషనుకి ఈ సూత్రం ఎప్పుడూ చెల్లుతుంది: ముందు మంచినీళ్ళు, వెంటనే నూనె, ఆ తర్వాతే ఎండ. ఆ ఇంజన్లకి చాలామంది మేస్త్రులు కూలి అడగలేదు. అడగలేదని ఎవరూ చెప్పుకోలేదు కూడా.

దసరా వచ్చినప్పుడు ఆయుధపూజ చేస్తావు. చెయ్యాలి. బెజవాడలో పుట్టి అమ్మవారికి దండం పెట్టకుండా చక్ తిప్పినవాణ్ణి నేను చూళ్ళేదు. ఒక షెడ్డు యజమాని భక్తి ఎక్కువై, పసుపునీళ్ళు బెడ్ మీద చిలకరించి, నూనె గుంటల్లో కుంకం నింపి, పూజ అయ్యాక మూడురోజులు తలుపులు మూశాడు. తలుపు తీసేసరికి బెడ్ నిండా తుప్పు చుక్కలు, నూనె గుంటలన్నీ మూసుకుపోయి ఉన్నాయి. పాపం, అమ్మవారికి కోపమొచ్చిందని శాంతి చేయించడానికి బయల్దేరాడు. మా మేస్త్రి ఆపి, "అమ్మవారికేం కోపం లేదండీ, ఇనుముకి దాహమేసింది" అని కిరసనాయిలు సీసా చేతికిచ్చాడు. నువ్వు ముందు బెడ్‌కి పల్చగా నూనె రాసి, బొట్టు హెడ్‌స్టాక్ మొహం మీద పెట్టు. అమ్మవారు అక్కడి నుంచీ చూస్తుంది.

ఇక కరెంటు. మోటారు మూడు ఫేజులది, మీ ఇంట్లో ఉన్నది ఒక్క ఫేజు. ఒక్క ఫేజు తీసుకుని మూడు ఫేజులిచ్చే డ్రైవులు ఇప్పుడొచ్చాయి. మోటారు ప్లేటు చూసి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించు, ఎర్తు మర్చిపోవద్దను. బెల్టు జారుతోందని చేత్తో నెట్టబోకు. కప్పీ నడుము కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది చూడు, తిరిగేటప్పుడు బెల్టు తనంతట తనే ఆ ఉబ్బు మీదికి ఎక్కి నిలబడుతుంది. పక్కకి జారుతోందంటే ఇరుసులు సమానంగా లేవని అర్థం, అది సరిచెయ్యి. లుంగీ కట్టుకుని, ఉంగరం పెట్టుకుని, చేతికి గ్లోవ్స్ తొడుక్కుని లేతు దగ్గరికి వెళ్ళకు. చక్ తాళం చక్‌లో వదిలి స్విచ్చి వేసేవాణ్ణి మా మేస్త్రి ఆ పూటకే ఇంటికి పంపేవాడు, అన్నం మాత్రం పెట్టి పంపేవాడు.

అన్నీ బిగించాక లెవెల్ పెట్టి కాళ్ళ కింద రేకులు సర్దు. తర్వాత ఒక లావు కమ్మీ చక్‌లో పట్టి, రెండో కొస ఊరికే వదిలి, దగ్గర ఒక చోట, దూరంగా ఒక చోట పల్చగా కొయ్యి. రెండుచోట్లా మైక్రోమీటరు పెట్టు. కొలతలు కలవకపోతే బెడ్ మెలి తిరిగి ఉందన్నమాట, మళ్ళీ రేకులు సర్దు. కలిసేదాకా సర్దు. కలిసిన రోజు నీ లేతు బతికినట్టు.

అప్పుడు దాన్ని అద్దాల అల్మారాలో బొమ్మని చేసి పెట్టుకోకు. మీ వీధిలో చేతిపంపు బుష్ అరిగిపోయిన ఇల్లు ఉంటుంది, గేటు చక్రం ఊడిపోయిన ముసలమ్మ ఉంటుంది. వాళ్ళకి ఒక ముక్క తీసి పెట్టు. డబ్బెంత అంటే "మీకు తోచింది" అను. పని దొరికిన మిషనుకి రోజూ నూనె దొరుకుతుంది, నూనె దొరికినదానికి తుప్పు పట్టదు.

ఇక లే, పొద్దుపోయింది. రేపు మొదటి పని గేరు వెతకడం, రెండోది విట్‌వర్త్ పానాలు, మూడోది చక్ చేత్తో తిప్పి వినడం. రంగు డబ్బా మూత గట్టిగా బిగించి అటక మీద పెట్టెయ్. ఆ కమ్మీ మీద రెండు కొలతలు కలిసిన రోజు నాకు కబురు చెయ్యి, మైక్రోమీటరు పట్టుకుని నేనే వస్తాను. మూడో మనిషి ఉండాలి కదా.